చందన్‌నగర్ దాటాక

“ఘాట్ కాడ ఆపుతారు గదా బాబూ?”

చిట్టెమ్మ మళ్లీ అడిగింది.

గిరిబాబు విసుక్కున్నాడు. ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ తెలుగువాళ్లని పోగుచేసి, కోల్‌కతా పక్కన గంగ ఒడ్డున ఉన్న పాత కట్టడాలు చూపిస్తానని బస్సు మాట్లాడింది అతనే. చిట్టెమ్మ అదే ఊళ్లోని తాల్‌బగీచా పేట నుంచి ఒక్కతే వచ్చి ఎక్కింది. బస్సులో ఆమెను ఎరిగినవాళ్లు లేరు.

పొద్దున బాండెల్ చర్చి చూశారు. మధ్యాహ్నం హుగ్లీ ఇమాంబాడా చూశారు. చిట్టెమ్మ రెండు చోట్లా దిగలేదు. ఒళ్లో స్టీలు డబ్బా పెట్టుకుని కూర్చుంది.

“అందులో ఏటున్నాదమ్మా, బంగారమా?” వెనక సీటువాళ్లు ఆటపట్టించారు.

“బూరెలు.”

ఒక్కటీ ఎవరికీ పెట్టలేదు. పిసినారిదని అందరూ నవ్వుకున్నారు.

ఇక మిగిలింది గంగలోకి మెట్లు దిగే చందన్‌నగర్ ఘాట్. కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్న భార్య మీనాకుమారి, గిరిబాబు చెయ్యి పట్టుకుంది.

“అక్కడికొద్దండీ. ఆ మెట్లు మల్లీ సూడనేను.”

పోయినేడు ముగ్గురే రైల్లో వచ్చినప్పుడు, కూతురు మాంపి ఆ మెట్ల మీంచే జారి గంగలో పడింది. ఎవరో కుర్రాడు దూకి పిల్లను పైకి అందించాడు. తడిసిన పిల్లను ఎత్తుకుని ఇద్దరూ ఆసుపత్రికి పరిగెత్తారు. వెనక్కి తిరిగి చూడలేదు.

“దాదా, సీదా ఖరగ్‌పూర్ చలో,” అన్నాడు గిరిబాబు డ్రైవర్‌తో.

చిట్టెమ్మ లేచి నిలబడింది.

“మరి ఘాటో బాబూ?”

“ఈసారి నేదమ్మా. సీకటడిపోతాది.”

“ఒక్క నిమిషం సాలు. మెట్ల కాడికెల్లి వచ్చెస్తాను.”

“నీ ఒక్కదాని కోసం ఆపితే అందరూ నన్నే తిడతారు. కూకో అమ్మా.”

ఆమె కూర్చుంది. చందన్‌నగర్ బోర్డు వెనక్కి పోయాక కూడా కిటికీలోంచి అటే చూస్తూ ఉండిపోయింది.

దారిలో కోలాఘాట్ ఊరి దగ్గర మాంపి ఆకలని ఏడుపందుకుంది. తెచ్చిన తిండి ఎప్పుడో అయిపోయింది.

చిట్టెమ్మ పిల్లను ఒళ్లోకి తీసుకుని, పొద్దుటినుంచి తెరవని డబ్బా తెరిచింది.

“తినమ్మ. ఇంకెవులికి పెడతాను?”

మాంపి ఆవురావురుమంటూ తింది. గిరిబాబుకి సిగ్గేసింది.

“ఎవులి కోసం తెచ్చినావమ్మా?”

“నా కొడుక్కి బాబూ. ఆడికి బూరెలంటే పేణం. చందన్‌నగర్‌లో పూజ పందిళ్లకి లైట్లు కట్టే పని నేర్సుకునీవోడు. ఘాట్ కాడ ఎవుల పిల్లో పడిపోతే దూకినాడంట. పిల్లని అందించీసి ఆడు ములిగిపోనాడు. ఏడాదయింది. ఈయేళ ఆ మెట్ల మీద పెడదామని తెచ్చినాను.”

మీనాకుమారి చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఆ పిల్ల బతికిందో నేదో నాకెవులూ సెప్పనేదు,” అంది చిట్టెమ్మ.

చెప్పాలని గిరిబాబు నోరు తెరిచాడు.

మూతికి పూర్ణం అంటుకున్న మాంపి, అప్పటికే ఆమె ఒళ్లో నిద్రపోయింది.