చిల్లు పక్కకి పోయిన బిళ్ళ

“నూలు వడికే కదురు బిళ్ళ. రెండు వేల ఏళ్ళ నాటిది,” అంటూ తవ్వకాల అధికారి చిల్లున్న పెంకుముక్కను భూతద్దం కింద తిప్పాడు.

పక్కనే మట్టి జల్లిస్తున్న కూలీ మనిషి జల్లెడ ఆపింది. “కాదు సార్. మా తమ్ముడు బొంగరం చేద్దామని అరగదీసిన పెంకు. మేకుతో పొడిస్తే చిల్లు పక్కకి పోయింది. తిరగలేదని ఏడ్చి పారేశాడు.”

“మీ తమ్ముడా? ఇక్కడా?”

“ఈ గుంట ఉన్నచోటే మా పెరడు సార్. తవ్వకాలకనే కదా మా వాడ ఖాళీ చేయించారు.”

చిల్లు నిజంగానే పక్కకి ఉంది. ఆయన రిజిస్టర్లో రాసింది కొట్టేశాడు. “నా నోట్లో మట్టి కొట్టావు కదమ్మా!” అని నవ్వి, బిళ్ళను చెత్త గంపలో పడేశాడు. వెంటనే నాలుక కరుచుకున్నాడు. “పోనీ, తీసుకెళ్ళి తమ్ముడికివ్వు.”

“వాడు పోయి ఆరేళ్ళయింది సార్. అయినా ఇక్కడి గులకరాయి కూడా బయటికి పోకూడదని మాచేత వేలిముద్రలు వేయించుకున్నారుగా.”

ఆయన రిజిస్టర్ మూశాడు.

“నేను చెప్పకపోయుంటే?” అని అడిగింది ఆమె.

“మ్యూజియంలో, అద్దాల పెట్టెలో ఉండేది.”

ఆమె గంప ఎత్తుకెళ్ళి, మట్టికుప్ప మీద కుమ్మరించి వచ్చింది.

సాయంత్రం అదే గుంటలో కొమ్ము దువ్వెన దొరికింది. ఈసారి ఆయన ముందు ఆమెకే చూపించాడు. “ఇదీ మీవాళ్ళదేనా?”

చిన్నప్పుడు అమ్మ తన జుట్టు చిక్కు తీస్తుంటే విరిగిన రెండు పళ్ళ చోట ఆమె బొటనవేలు ఆగింది.

“తెలీదు సార్,” అంది. “చాలా పాతది.”