జపానామె

“గీమె జపానామెనా?” అన్నాడు దామోదర్, తనకు నమస్కారం పెట్టిన మనిషిని కింది నుంచి మీదికి చూసి. “పత్తి ఏరనీకి వచ్చిన కూలామె లెక్కున్నది.”

ఆ మాట తెలుగులో అన్నాడు కాబట్టి లూసియా ఒషిరో నవ్వుతూనే నిలబడింది. అరవై దాటిన మనిషి. పొట్టిగా, చామనచాయగా, రెండు జడలు వేసుకుని ఉంటుంది. పది రోజులుగా నందికొండలో దామోదర్ హోటల్లోనే ఉండి, హాల్లో గోడ పొడవునా బిగించిన గుడ్డ మీద బొమ్మ వేసింది. హైదరాబాద్‌లో ఉండిపోయిన దామోదర్ ఆమెను చూడటం ఇదే మొదలు. ఇంకో గంటలో ఆ బొమ్మకు ప్రారంభోత్సవం. టీవీ వాళ్లు దారిలో ఉన్నారు.

“సార్ ఏమంటున్నారు?” అని పక్కనున్న స్వర్ణను ఇంగ్లీషులో అడిగింది లూసియా.

“ఇక్కడి తిండి మీకు పడిందా అంటున్నారు.”

స్వర్ణ దామోదర్ బడిలోనే డ్రాయింగ్ టీచరు. ఇంగ్లీషు వచ్చని లూసియాకు తోడుగా వేశారు. లూసియా తండ్రి జపాన్‌వాడని, తల్లి పెరూ దేశపు కొండ ఊళ్లో పుట్టిందని, నలభై ఏళ్లుగా ఆమె బొమ్మలు వేస్తూనే ఉందని దామోదర్‌కు చెప్పబోయింది. పెరూలో తను పుట్టిన లీమా నగరంలో అందరూ ఆమెను జపాన్ పిల్ల అనేవారట. జపాన్‌లో ప్రదర్శన పెడితే బొమ్మలు తీసుకెళ్లి విదేశీయుల గదిలో తగిలించారట. దామోదర్ సగం కూడా వినలేదు. చేతిలో మిరపకాయ బజ్జీతో బొమ్మ దగ్గరికి నడిచాడు.

సాగర్ ఒడ్డున వలలు దులుపుతున్న ఆడవాళ్ల బొమ్మ అది. నడుమ చేపలు కోస్తున్నది ఆ ఊళ్లో చేపలమ్మే ఈదమ్మ.

“బుద్ధుడేడి?” అన్నాడు. “జపానామె అంటే బుద్ధుణ్ని గీస్తదనుకున్న. చాపలమ్మేటోళ్లను గీసిందేంది?” అంటూ బజ్జీ నూనె వేలు తీసుకెళ్లి ఈదమ్మ చెంప మీద పెట్టి నొక్కాడు. వేలు తీసిన చోట మరక మెల్లగా పాకింది.

లూసియా ఆ మరక వైపు చూసి, మళ్లీ అదే ప్రశ్న అడిగింది.

“ఈదమ్మ అచ్చం ఈదమ్మలాగే ఉందంటున్నారు,” అంది స్వర్ణ. లూసియా గుండెల మీద చెయ్యి వేసుకుని దామోదర్‌కు తల వంచింది. అతను మిగిలిన బజ్జీ నోట్లో వేసుకుని, వేళ్లు కర్టెనుకు తుడుచుకున్నాడు.

అప్పటికే అతనికి ఉపాయం తట్టింది. హోటల్ పార్లర్‌లో మణిపూర్ నుంచి వచ్చిన పిల్ల ఒకతె పనిచేస్తోంది. ఆమెకు పట్టు గౌను తొడిగి వేదిక మీద కూర్చోబెట్టాలని, జపాన్ చిత్రకారిణి ఈమేనని స్వర్ణ మైకులో చెప్పాలని అన్నాడు. అసలామెను గదిలోంచి బయటికి రానీయవద్దన్నాడు.

“అది మోసం గద సార్.”

“మొఖం జూస్తే జపానే అంటరు, ఎవడు అడుగుతడు? బడిల నీ నౌకరీ ఉండాల్నా వద్దా, టీచరమ్మా?”

నోట్లో ఏదో కుళ్లినది పడ్డట్టు అనిపించింది స్వర్ణకు. ఉమ్మేయలేక మింగింది. ఎండ ఎక్కువగా ఉంది కాబట్టి గదిలో విశ్రాంతి తీసుకోమంటున్నారని లూసియాకు చెప్పింది. లూసియా ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. గదికి మాత్రం పోలేదు. బొమ్మ చూడటానికి వచ్చిన ఈదమ్మ పక్కన, ఆఖరి వరుసలో కూర్చుంది.

జనం నిండారు. వేదిక మీద ఆ పిల్ల ముఖానికి తెల్లగా పౌడరు పూసి ఉంది. చెమటకు ఆ పౌడరు మెడ మీదికి చారలుగా కారుతోంది. “మేడం, నాకు బొమ్మలు రావు. అడిగితే ఏం చెప్పాలి?” అని పక్కనున్న స్వర్ణతో గుసగుసలాడింది. మొదటి వరుసలో దామోదర్ నాలుకతో పళ్లు శుభ్రం చేసుకుంటూ, కానివ్వు అన్నట్టు చెయ్యి ఊపాడు.

స్వర్ణ మైకు అందుకుంది.

“ఈ పిల్ల గిక్కడి పార్లర్ల పనిచేస్తది. ఆమె తప్పేం లేదు, కూసోపెట్టిన్రు,” అంది. “బొమ్మ గీసినామె పేరు లూసియా ఒషిరో. ఆమెను గదిల దాచిపెట్టమని నాకు చెప్పిన్రు. అగో, ఆఖరి వరుసల ఈదమ్మ పక్కన కూసున్నది.”

హాలంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగింది. ఈదమ్మ లేచి, లూసియా చెయ్యి పట్టుకుని లేపి, తన బొమ్మ దగ్గరికి నడిపించింది. కెమెరాలు వాళ్ల వెంట పరుగెత్తాయి.

దామోదర్ కెమెరాలకు నవ్వుతూనే స్వర్ణ పక్కకు వచ్చాడు. ఆ నవ్వు చెదరకుండానే, “రేపటి సంది బడి మొఖం జూడకు. గా పత్తేరేదాన్ని గూడ గిప్పుడే బస్సెక్కియ్యి,” అని గొణిగి ముందుకు పోయాడు. స్వర్ణ ముఖం తిప్పుకుంది. అతని నోటి వాసన ఇంకా చుట్టూ వేలాడుతూనే ఉంది.

“ఏమన్నాడు?” బొమ్మ దగ్గర నుంచి వచ్చి లూసియా అడిగింది.

“మీ బొమ్మ చూసి చాలా సంతోషించారట.”

లూసియా నవ్వింది. లీమాలో తన తండ్రి కొట్టు పెట్టుకుంటే వచ్చేపోయేవాళ్లు ఆయన్ను నోటికొచ్చినట్టు తిట్టేవారని, తల్లి ఆ తిట్లన్నీ మర్యాదలుగా మార్చి, తనకు వచ్చిన నాలుగు జపాన్ ముక్కల్లో ఆయనకు చెప్పేదని అంది.

“పాపం, ఆయన నమ్మేవారా?” అంది స్వర్ణ.

“పెళ్లయిన ఏడాదికే ఆయనకు మా భాష మొత్తం వచ్చేసింది. అమ్మ చెప్పే ఆ అబద్ధాలు వినడం కోసమే, చచ్చిపోయేదాకా రానట్టే నటించాడు.”