కొట్టేసిన మాటలు

"చాచాజీ మళ్ళీ డైలాగు మార్చేశారు" అంది జర్తాజ్, మేకప్ అద్దంలోంచే చూస్తూ.

రచయిత ఇనాయత్ ఫిరోజ్‌పురీ కాగితం పట్టుకుని వెనకాల నిలబడి ఉన్నాడు.

"నిన్నటిది బాగా లేదు బేటీ. ఇది తేలిగ్గా ఉంటుంది."

"నిన్నటిదీ మీరు రాసిందేగా?"

లైట్లవాళ్ళు కిసుక్కున నవ్వారు. ఆయనా నవ్వేశాడు.

జర్తాజ్‌కు చదువు రాదు. సహాయ దర్శకుడి చేత పొద్దున్నే చదివించుకుని కంఠతా పట్టేది. తీరా సెట్ మీదికొచ్చేసరికి మాటలు మారిపోయి ఉండేవి.

గుజ్రాన్‌వాలా పక్క పల్లెటూరి పిల్ల ఆమె. లాహోరులో హీరోయిన్‌గా నిలబడిందంటే ఇనాయత్ రాసిన మూడు పంజాబీ సినిమాల పుణ్యమే. వాటిలో ఆయన ఒక్క మాట మార్చలేదు. ఆమె మొదటి ఉర్దూ సినిమాకు వచ్చేసరికి మాత్రం రోజుకో సీను తిరగరాస్తున్నాడు.

ముసలాయనకు మతి తప్పుతోందని యూనిట్లో అనుకున్నారు. ఆయన్ని అనుకరించి నవ్వించేవాళ్ళూ తయారయ్యారు.

కోర్టు సీను రోజున జర్తాజ్‌కు ఓపిక నశించింది. రెండు పేజీలు నేర్చుకుని వస్తే సగం మారిపోయింది. నేరుగా దర్శకుడు మలిక్ దగ్గరికి వెళ్ళి, సెట్లో ఆయనైనా ఉండాలి, తానైనా ఉండాలి అంది.

మలిక్ అందరి ముందే ఇనాయత్‌ను నిలదీశాడు.

"వయసైపోయింది మలిక్ సాబ్" అన్నాడాయన. "రాసింది రాసినట్టు ఉంచలేకపోతున్నాను."

మార్చాల్సినవాటిలో మిగిలింది ఆ ఒక్క సీనే కనుక, దాన్ని మార్చినట్టే తీయమని, రేపట్నుంచి తాను రానని చెప్పాడు. సీను అయ్యేదాకా ఓ మూల కూర్చుని, వెళ్తూ వెళ్తూ ఆమె తల మీద చెయ్యి పెట్టి దీవించాడు.

సినిమా పాతిక వారాలు ఆడింది. పల్లె పిల్ల నోట ఇంత తేట ఉర్దూనా అని పత్రికలన్నీ మెచ్చుకున్నాయి.

తర్వాతి ఉర్దూ సినిమాకు కొత్త రచయిత వచ్చాడు. కామా కూడా కదపనిచ్చేవాడు కాదు. జర్తాజ్ నాలుక మాటిమాటికీ మొరాయించింది. ఒకే షాటు ఇరవైసార్లు తీశారు. చివరికి ఆమె మాటలన్నీ ఇంకొకామె చేత చెప్పించారు.

చాచాజీ మాటలెంత హాయిగా ఉండేవో అప్పుడు తెలిసొచ్చింది. క్షమించమని అడిగి, వెనక్కి తీసుకురావాలని, మంచి శాలువా ఒకటి కొని లాహోరులోనే కృష్ణ నగర్‌లో ఉన్న ఆయన ఇంటికి వెళ్ళింది.

తలుపు తీసింది ఆయన భార్య సుగ్రా బీబీ. ఆయన పోయి పదకొండు రోజులయింది.

జర్తాజ్ గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. "ఆయన్ని తీయించేసింది నేనే చాచీజీ."

"తెలుసమ్మా. పిల్లకి ధైర్యం వచ్చింది, ఇక ఎక్కడైనా బతికేస్తుందని ఆ రోజు సంబరపడ్డారు. లే, టీ తాగు."

రిటైరైన స్కూలు టీచరు సుగ్రా బీబీ. టీ ఇచ్చి, ఆ మొదటి ఉర్దూ సినిమా స్క్రిప్టు తెచ్చి ముందు పెట్టింది. నీకే ఇవ్వాలనుకున్నానంది.

"రోజూ నాస్తా దగ్గర నీ డైలాగులు అచ్చం నీలాగే పలికి చూసుకునేవారు. మీ ఊరి యాసతో సహా. ఎక్కడైనా ఆగితే అక్కడ కొట్టేసేవారు."

"నాకు చదవడం రాదు చాచీజీ."

"నేను చదువుతాను. నువ్వు నా వెనకే అను."

కొట్టేసిన మాటలు ఒక్కొక్కటే చదివింది సుగ్రా బీబీ. ఇష్క్. వక్త్. కిస్మత్. కసమ్.

జర్తాజ్ ఒక్కొక్కటే అంది. ప్రతిసారీ ఒకేచోట తడబడింది. నాలుగో మాటకు ఆమెకే వినిపించింది.

అన్నిట్లోనూ మామూలు 'క'లా కాక గొంతు అడుగునుంచి పలకాల్సిన ఒకే ఒక్క ఉర్దూ అక్షరం ఉంది, ఆమె పల్లెలో ఎవరికీ నోరు తిరగని అక్షరం. దాన్ని పట్టుకుని యూనిట్లోని ఎనభై మంది ఆ పిల్లను చూసి నవ్వకూడదని, మతి తప్పిన ముసలాడినని తననే చూసి నవ్వనిచ్చాడు ఇనాయత్.