ఎర్ర పీలికలు

“చీర చింపకమ్మా! గేటు దగ్గరి గార్డు చూస్తే తిడతాడు!” మౌక్తిక తల్లి చెయ్యి పట్టుకుంది.

“తిడితే తిట్టనీ. నువ్వు తప్పిపోతే మీ నాన్నకి నేనేటి చెప్పాలి?” నాగేశ్వరి సంచిలోంచి తీసిన పాత ఎర్ర చీరను పర్రున చింపి, ఒక పీలికను చెట్టుకు కట్టేసింది.

అదేమంత పెద్ద అడవి కాదు. బడిపిల్లలకు చెట్లూ పిట్టలూ చూపించడానికి కలకత్తా శివార్లలో సర్కారు ఉంచిన చోటు. లోపల నిలబడితే ఆటోల హారన్లు వినబడతాయి. అయినా లిలువా రైల్వే క్వార్టర్లు దాటి ఎరగని నాగేశ్వరికి అది కీకారణ్యమే. పది చెట్ల పేర్లు రాసుకురమ్మని టీచరు చెప్పకపోతే గేటు తొక్కేది కాదు.

“పులులుంటే?”

“ఇక్కడుండేది ఉడతలమ్మా.”

“ఉడతలున్నకాడ పాములుండవేటి? అయిదింటికి గేటు మూసేత్తారంట. నువ్వు రాసుకో, దారికి గుర్తులు నేను కడతాను.”

మలుపు మలుపుకీ ఒక పీలిక కట్టుకుంటూ పోయింది. నాలుగున్నరకు మౌక్తిక పదో పేరు రాసి నోటుపుస్తకం మూసింది.

“ఇంక పీలికలు చూసుకుంటూ ఎల్లిపోడమే” అని నాగేశ్వరి దర్జాగా వెనక్కి తిరిగింది.

ఏ చెట్టు చూసినా ఎరుపే! రిబ్బన్లు, గంఛా తువ్వాళ్ళ ముక్కలు, చేతుల నుంచి విప్పిన మొక్కు దారాలు. కుడి దారిలోనూ ఉన్నాయి, ఎడమ దారిలోనూ ఉన్నాయి. వాటిలో తన పీలికలేవో తనకే తెలియలేదు.

“అయిపోయింది మన పని! గేటు మూసేత్తారు. తెల్లారేసరికి మన చెప్పులే మిగుల్తాయి!” నాగేశ్వరి బావురుమంది.

పక్క చెట్టు దగ్గర ఒక బెంగాలీ ముసలావిడ కళ్ళు మూసుకుని దారం కడుతోంది. నాగేశ్వరి పరుగున వెళ్ళి, వచ్చీరాని బెంగాలీలో అడిగింది. “మాసీమా, ఎందుకు కడుతున్నారివన్నీ?”

“తెలీదా? మహిమగల చెట్లమ్మా! ఇందాక ఎవరో దక్షిణాది ఆవిడ కూతురు తప్పిపోయిందట. ఎర్ర గుడ్డ కట్టిందో లేదో, పిల్ల పరుగెత్తుకొచ్చి ఒళ్ళో వాలిందట. ఇక్కడ కడితే దారి తప్పినవాళ్ళు క్షేమంగా ఇల్లు చేరతారట!”

మౌక్తిక తల్లి కొంగు లాగింది. “అమ్మా, ఆ దక్షిణాది ఆవిడ నువ్వే! ముందు గేటెటో అడుగు!”

నాగేశ్వరి కళ్ళు తుడుచుకుంది. సంచిలో మిగిలిన చీర ముక్కను తీసి కళ్ళకద్దుకుంది.

“ఎన్ని ముళ్ళెయ్యాలి, మాసీమా?”