కొట్టంలో పడక

“బిడ్డలు కాని లోపం దీనిదేనని ఒక్క మాట చెప్పు తల్లీ. నా కొడుక్కు రెండో పిల్లనిచ్చేదానికి బత్తలపల్లెవాళ్లు కాసుకోనుండారు,” అనింది చౌడమ్మ.

అనంతపురం డాక్టరమ్మ ఆమె వైపు చూడలేదు. తల వంచుకున్న కోడలు ఆంజినమ్మతోనే మాట్లాడింది.

“పరీక్షలో తేలిందమ్మా. నీ గర్భసంచికి క్షయ పట్టింది. అండం దిగే నాళాలు రెండూ మూసుకుపోయినాయి. రోగానికి మందులిస్తా. నాళాలు మాత్రం ఇంక తెరుచుకోవు.”

“క్షయంటే దగ్గు కదమ్మా. దీనికి దగ్గే లేదే,” అనింది చౌడమ్మ.

“దగ్గు లేకుండానూ వస్తుంది. దగ్గేవాళ్ల పక్కన మసిలితే ఊపిరితో లోపలికి పోయి, రక్తంలో కలిసి ఎక్కడైనా కూర్చుంటుంది. మీ ఇంట్లో ఎవరికన్నా ఉన్నిందా?”

చౌడమ్మ చూపు కోడలి మీదికి తిరిగింది. కోడలు కాపురానికొచ్చిన ఏడాదే తనకు దగ్గుతో నెత్తురు పడితే, కొడుకు మగ్గం నేసే ఇంట్లో వద్దని పసుల కొట్టంలో పడుకోబెట్టినారు. కన్నకొడుకు వాకిలి కాడనే నిలబడి పలకరించి పోయేవాడు. కొత్తగా వచ్చిన సూదులకు రోగం లొంగేదాకా పక్కలో పడుకొని, నెత్తురు తుడిచి, వీపు రాసింది ఈ పిల్లొకతే.

“ఎవరికీ లేదమ్మా,” అనింది ఆంజినమ్మ.

బయటికొచ్చినాక చౌడమ్మ కోడలి కొంగు పట్టుకునింది. “లేదని ఎందుకంటివే?”

“ఉన్నిందంటే తెరుచుకుంటాయా అత్తా?”

చౌడమ్మ ఏదో చెప్పబోయింది. మాటకు ముందే దగ్గొచ్చింది.

ఆంజినమ్మ చెయ్యి దానంతటదే అత్త వీపు మీదికి పోయింది.