అత్తగారు తీసుకున్న విడి గది

“వీపు రుద్దడానికి ఒక మనిషి కావాలి. పద,” అంది అత్తగారు ఒక్‌నిమ్, స్నానాల బుట్ట చంకన పెట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి.

సురిన్ చేతిలో సొంగ్‌ప్యన్ పిండివంటకి కలిపిన బియ్యప్పిండి ముద్ద అలాగే ఉండిపోయింది.

“తలనొప్పిగా ఉందత్తయ్యా.”

“వేడినీళ్లలో కూర్చుంటే అదే పోతుంది.”

“రేపే చుసోక్ పండగ. ఈ పిండంతా ఎవరు ఒత్తుతారు?”

“నీ మొగుడికి చేతుల్లేవా? ఒరే తెహో, వచ్చి ఈ పిండి సంగతి చూడు.”

అక్కడే సురిన్‌కి అనుమానం తగిలింది. కొడుకు చేత కాఫీ కప్పు కూడా కడగనివ్వని మనిషి ఈవిడ. ఈ తేగూ ఊళ్లో అత్తలందరూ పండక్కి ముందు కోడళ్లని వెంటబెట్టుకుని, ఆడవాళ్లంతా కలిసి స్నానం చేసే స్నానశాలకి పోతారు. ఈవిడ పెళ్లయిన దగ్గర్నుంచీ ఒక్కసారి పిలిచింది లేదు. బతికిపోయాననుకునేది సురిన్. అక్కడ ఒంటిమీద నూలుపోగు కూడా ఉండకూడదాయె. ఆమె ఎడమ చేతిమీదేమో తనకు తాను చేసుకున్న గాయాల గుర్తులున్నాయి. నూనె చిమ్మిందని చెప్పి మొగుణ్ణి నమ్మించింది. నలభయ్యేళ్లు వంటింట్లో గడిపిన ఆడదాన్ని ఎలా నమ్మిస్తుంది?

పైగా మొన్న బుధవారం అత్తగారు ఫోన్లో గుసగుసలాడటం చెవిన పడింది. “కోడలినే అనుకుంటున్నాను డాక్టరుగారూ. ముందే చెబితే రాదేమో. మావాడికి మాత్రం తెలియకూడదు.” బుధవారం వచ్చిందంటే చాలు, ఆవిడ బజారని వెళ్లి ఖాళీ సంచితో తిరిగొస్తుంది. ఎవరా డాక్టరు? కోడలికి పిచ్చని రాయించి, మనవరాలిని తన దగ్గరే ఉంచుకుని, సురిన్‌ని పుట్టింటికి తోలేద్దామనా? అప్పట్నుంచీ సురిన్‌కి ముద్ద దిగడం లేదు.

వెళ్లకపోతే అనుమానం ఇంకా పెరుగుతుందని బయల్దేరింది. ఎండ మండిపోతోంది. ఇద్దరూ పొడుగు చేతుల చొక్కాల్లో చెమటలు కక్కుతూ నడిచారు.

“ఇన్నాళ్లూ లేనిది ఇవాళేంటి అత్తయ్యా?” అంది సురిన్ కూపీ లాగుతూ.

“ఇవాళ కుదిరింది.”

“ఎవరైనా నా గురించి ఏమైనా చెప్పారా?”

అత్తగారు ఆగి చూసింది. “ఏం చెప్పాలి?”

“ఏం లేదు.”

“ఏం లేనిదానికి ఆ మొహం ఏమిటి?”

స్నానశాల నిండా ఆడవాళ్లు కిటకిటలాడుతున్నారు. టికెట్లమ్మే ఆవిడ బట్టల అరల తాళంచెవులు తీయబోతే అత్తగారు వద్దంది.

“పెద్ద హాలు వద్దు. విడిగా గది ఇవ్వు. లోపల గొళ్లెం సరిగ్గా పడుతుందిగా?”

“ఇద్దరికీ గదా? కోడలంటే అంత ముద్దా అమ్మమ్మగారూ?” అని నవ్విందావిడ. సురిన్ చొక్కా చేతిని మణికట్టు కిందికి లాక్కుంది.

లోపలికి వెళ్లగానే అత్తగారు గొళ్లెం వేసింది. పడిందో లేదోనని లాగి చూసింది. మాట బయటికి పోకుండా కాబోలు, కొళాయి తిప్పింది.

“ఇక్కడి సంగతి ఇక్కడే ఉండాలి. తెహో చెవిన పడకూడదు.”

“ఏ సంగతి?”

“డాక్టరమ్మ చెప్పిందే నిజం. ఇక దాచి లాభం లేదే అమ్మాయ్.”

సురిన్‌కి భయమూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి. “చాలు అత్తయ్యా. ఇందుకేగా తీసుకొచ్చారు? చూడండి,” అంటూ చొక్కా చెయ్యి పైకి లాగేసింది. “నేనే చేసుకున్నాను. మానుకుందామనుకున్నా నా వల్ల కావడం లేదు. వెళ్లి మీ డాక్టరుకి చెప్పుకోండి. నన్ను ఎక్కడికైనా పంపండి. పిల్లని మాత్రం లాక్కోకండి,” అని ఏడ్చేసింది.

 అత్తగారు ఆ చేతిని చూస్తూ అలాగే పీటమీద కూలబడింది. తొట్టి నిండి నీళ్లు పొర్లుతున్నాయి. కట్టేయాలని ఇద్దరికీ తోచలేదు.

“నిన్నెవరు పంపుతారే పిచ్చిదానా? నాకు నీ సంగతే తెలియదు,” అంది అత్తగారు. తన చొక్కా చేతి బొత్తాం విప్పింది. “బుధవారం బుధవారం ఆ డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నాను. ఆవిడ దగ్గరికి వెళ్లాకే నా చెయ్యి నా ఒంటిమీద పడటం ఆగింది. ఇంట్లో ఒక్కరికైనా చూపించమని పోరుతుంటే, నా చేతిమీది గుర్తులు నీకు చూపిద్దామని ఈ గది తీసుకున్నాను.”