అవ్వ గుంత మీద కంప్యూటర్

తొంభై తొమ్మిదిలో, నారాయణపేటలో, సిద్దిరాములు చనిపోయిన తన అవ్వ సుభద్రమ్మ కాళ్లు దించి కూర్చుని నేసిన మగ్గం గుంతను బండలతో మూసి దాని మీద కంప్యూటర్ బల్ల వేశాడు. బతికున్నన్నాళ్లూ ఆమె ఆ గుంతలో ఇంకొకరిని కాలు పెట్టనివ్వలేదు.

ఆ రాత్రి కొత్తగా ఎక్కించిన లినక్స్ సాఫ్ట్‌వేర్, కంప్యూటర్ పేరు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాల్లో ‘సుభద్ర’ అని చూపించింది. పేరు మార్చాడు. ఆపి మళ్లీ పెట్టగానే అదే పేరు.

"బషీర్! పరాచికాలా? గీ కంప్యూటర్‌కు మా అవ్వ పేరెందుకు పెట్టినవ్?" పక్క గదిలోని భాగస్వామి మీద అరిచాడు.

"నేనెందుకు పెడ్త భాయ్? కమాండ్ కొడితే సాలదు, పేరు రాసున్న ఫైల్ల గూడ మార్చాలె. లేకుంటే పాత పేరే మళ్లొస్తది."

పళ్లు కొరుకుతూ ఫైల్లోనూ మార్చాడు. మళ్లీ సుభద్ర.

"నీ నెట్‌వర్కే తెస్తాంది దీన్ని!" పక్క గది నుంచి వచ్చే నెట్‌వర్క్ వైరు పీకి గోడకేసి కొట్టాడు. కంప్యూటర్ ఆపి మళ్లీ వేసి చూశాడు.

సుభద్ర.

"ఇది నా జాగా!" కోపం పట్టలేక కింది బండను మడమతో గట్టిగా తన్నాడు.

తెర వెలుగుతూనే ఉంది. లోపలి ఫ్యాను చప్పుడు మాత్రం ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో, బల్ల కింద, రెండు చల్లటి పాదాలు అతని పాదాలను విసురుగా పక్కకు నెట్టాయి.